కాలనీ తోటలో సగం మడి ఇచ్చారు, అందులో ఉన్న ఆవిడ మొత్తం నాదే అంటోంది. ఏం చెయ్యాలి?

చిన్నమడి (తిరుపతి):

అందరికీ నమస్తే. చాలా రోజుల్నించి ఇక్కడ అందరి పోస్టులూ చదువుకుని పోయేదాన్నే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మాది రేణిగుంట రోడ్డు వైపు ఒక కాలనీ. లేఅవుట్ వేసినప్పుడు పార్కుకని వదిలిన స్థలం ఒకటుంది, ఏళ్ళ తరబడి అందులో సర్కారు తుమ్మ, వయ్యారిభామ తప్ప ఇంకేం లేవు, పాముల భయంతో పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళం కాదు. రెండేళ్ళ కిందట కాలనీ సంఘం వాళ్ళు జేసీబీ పెట్టించి, చుట్టూ ఆరడుగుల గోడ కట్టించి, ఒక పక్క మడులుగా చేసి కూరగాయలు వేసుకుంటామన్న ఇళ్ళకు ఇచ్చారు. ఒక్కో మడి 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. సగం మడికి సంవత్సరానికి 600 రూపాయలు, నీళ్ళు సంఘం బోరువే. అప్పుడు నేను డెలివరీకని పుట్టింట్లో ఉన్నాను, తిరిగొచ్చి పేరు ఇచ్చేసరికి నా ముందు పదకొండు మంది.

మొన్న అక్టోబర్‌లో నా వంతు వచ్చింది. ఒక మడిని మొదట్లోనే ఇద్దరికి చెరి సగం ఇచ్చారట, ఒకరు మా వీధి చివరింటి ఆంటీ, ఇంకొకరు ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన డబ్బైతే కట్టాడు గానీ ఒక్క విత్తనం వేసింది లేదు, ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ అయి అనంతపురం వెళ్ళిపోయాడు. ఆ సగం, దక్షిణం వైపుది, నాకు రాసిచ్చారు. రశీదులో 'సగం మడి, 5 అంకణాలు' అని ఉంది (అంకణమంటే మా వైపు స్థలం కొలిచే లెక్క).

నేను పలుగూ పారా కొనుక్కుని, బాబుని మా అత్తగారికి అప్పగించి తెల్లారే వెళ్ళాను. చూస్తే మడి మొత్తం ఆంటీదే. ఉత్తరం సగంలో వంగ, మిరప, టమోటా. నా సగంలో చిక్కుడు పందిరి, దాని పక్కన తలెత్తి చూడాల్సినంత బొప్పాయి చెట్టు. గోడ కిందున్న చివరి ఆరడుగులు మాత్రం ఖాళీ, అక్కడ గోడ కట్టినప్పటి ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు కుప్ప పోసి ఉన్నాయి. ఆంటీకి రశీదు చూపించాను. ఆవిడేమో 'నా చీటీలోనూ అయిదంకణాలనే ఉందమ్మా, నేను అయిదంకణాల్లోనే ఉన్నా, ఎవరిదీ ఒక్క అడుగు తినలేదు' అని నా మొహం మీదే చెప్పింది. కళ్ళెదురుగా ముప్పై అడుగులూ తనే సాగు చేస్తూ అంత ధీమాగా ఎలా అబద్ధం చెప్పగలదో నాకర్థం కాలేదు. పైగా 'పాపం పిల్లతల్లివి, నీకంత ఇదిగా ఉంటే ఆ గోడ మూల వేసుకో, నేనేం అనుకోను' అంది. నాకు రాసిచ్చిన దాంట్లోంచి నాకే దానం చేసినట్టు!

సరేలే అని ఆ మూలే రెండు రోజులు పెచ్చులు ఏరి, పందిరి దాకా ఉన్న కొంచెం జాగాలో తోటకూర చల్లాను. మొలకలొచ్చిన నాలుగో రోజుకి ఒక్కటి లేదు. అడిగితే 'అయ్యో, కలుపనుకుని పీకేశానే' అంది. పైప్ కూడా ఆవిడ వైపే ఉంటుంది, ఆవిడ మడంతా తడిసే సరికి నీళ్ళ టైం అయిపోతుంది. వారం వారం బకెట్టెడు జీవామృతం పోస్తుంది, ఆ వాసన గురించి వేరే పోస్టు పెట్టాలి.

ఇంతలో ఎవరో పుణ్యాత్ముడు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మడి ఫొటో పెట్టి 'ఇది కబ్జా కాదా' అని రాశాడు. నేను పెట్టించాననుకుని ఆంటీ నాతో మాటలు మానేసింది. నేను బాబుతో ఇంటికొచ్చిన వారంలో మామిడికాయ వేసిన చేపల పులుసు గిన్నెతో పంపిన మనిషి, ఇప్పుడు వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. మా ఆయన 'రెండు కిలోల వంకాయల కోసం ఇంత టెన్షనా, రైతు బజారుకి పోదాం పా' అంటాడు. వంకాయలు కాదు కదా విషయం.

నా సగానికి కంచె కట్టేయొచ్చా? ఆ బొప్పాయి, పందిరి ఎవరివి అవుతాయి? లేకపోతే రశీదు తిరిగిచ్చేసి ఇంకో మడి కోసం మళ్ళీ లైన్లో నిలబడాలా?

మిద్దెతోట మామ (చిత్తూరు):

అమ్మా, ముందు కంచె మాట మర్చిపోండి. ఈ రోజు మీరు కంచె కడితే రేపు ఆమె కడుతుంది, ఎల్లుండి ఇద్దరి మధ్యా నడవడానికి దారుండదు, ఆ పైప్ కోసం రోజూ పోట్లాట. పన్నెండడుగుల మడిలో కంచె ఏంది!

నేను చెప్పేది కొంచెం వేరే. ఆమె ఇస్తానన్న గోడ మూల మాత్రం తీసుకోవద్దు, పంతం కోసం కాదు, ఎండ కోసం. మీ మడి ఉత్తరం దక్షిణంగా ఉంది, గోడ దక్షిణం కొసన ఉంది. ఇప్పుడు కార్తీకం, పొద్దు దక్షిణానికి వాలిపోయి ఉంటుంది. మన దగ్గర డిసెంబర్‌లో నడి మధ్యాహ్నం కూడా ఆరడుగుల గోడకి నాలుగున్నర అడుగుల నీడ పడుతుంది, పొద్దున సాయంత్రం ఇంకా ఎక్కువ. అంటే ఆమె మీకు దానం చేసిన ఆరడుగుల్లో ముప్పాతిక వంతు నీడే. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా పొద్దు నడినెత్తికీ ఉత్తరానికీ జరుగుతుంది కాబట్టి ఆ నీడ బాధ ఉండదు, కానీ అప్పుడు మన ఊళ్ళ ఎండలో అక్కడ ఏం బతుకుతుందో మీకే తెలుసు. మీకు ఎండ పడే జాగా కావాలంటే ఆ చిక్కుడు పందిరి ఉన్న చోటే కావాలి.

ఇదే మాట ఆమెకి ఆమె లాభంగా చెప్పండి. పందిరి దక్షిణం వైపు వేసుకోవడం వల్ల చలికాలమంతా దాని నీడ ఆమె వంగ, టమోటాల మీదే పడుతోంది. ఎత్తుగా పెరిగేవి ఏవైనా మడికి ఉత్తరం కొసనే వెయ్యాలి, అప్పుడు నీడ మడి బయటికి పోతుంది. 'ఆంటీ, మీ టమోటాలు సరిగా కాయట్లేదేమో ఒకసారి చూసుకోండి' అంటే, కాపు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి ఎవరైనా వింటారు. రశీదు తెచ్చి మొహాన పెడితే ఎవరూ వినరు.

పందిరి మాత్రం ఇప్పుడే పీకమని అడగొద్దు. చిక్కుడు ఇప్పుడే కాపుకొస్తుంది, సంక్రాంతికి గంపలకొద్దీ కాసే పాదుని నవంబర్‌లో పీకమంటే పగ పట్టినట్టు ఉంటుంది.

పెచ్చులున్న చోట ఇంకో ఇబ్బంది ఉంది. సున్నం, సిమెంటు కలిసిన మట్టిలో క్షారం పెరిగి మొక్కకి ఇనుము అందదు, లేత ఆకు ఈనెలు ఒక్కటే ఆకుపచ్చగా ఉండి మిగతాదంతా పసుపుకి తిరుగుతుంది. పురుగు మందు కొట్టినా పోదు. పెచ్చులు ఏరెయ్యాలి, జల్లెడ పట్టాలి, బాగా మగ్గిన పశువుల ఎరువు తోలాలి, అంతే.

జీవామృతం సంగతి చదివి నవ్వాగలేదు. 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేసి కలిపే 200 లీటర్లు ఎకరానికి సరిపోయే లెక్క. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. ఆ మడి మొత్తానికి రెండు లీటర్లు కూడా పట్టవు, రెండు చెంబులు. బకెట్ పోస్తే వాసన రాక ఏమొస్తుంది.

గోంగూర పచ్చడి:

కబ్జా అని ఫొటో పెట్టినవాడు ఆ మడి కోసం లైన్లో మీ వెనక ఉన్న పదమూడోవాడు అయ్యుంటాడు, ఒకసారి లిస్టు చూడండి 😀

కోర్టు సెంటర్ (తిరుపతి):

లీగల్‌గా చూస్తే ఏంటో చెప్తాను, కానీ ఇది లీగల్‌గా చూసుకునే గొడవ కాదని ముందే చెప్తున్నా, ఫీజు పోతుందని తెలిసి కూడా.

మీది అనుమతి ఉన్న లేఅవుట్ అయితే అందులో 10 శాతం స్థలం ఓపెన్ స్పేస్‌గా వదిలి, గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకి రాసివ్వాలి. అంటే ఆ స్థలం ఆంటీదీ కాదు, మీదీ కాదు, నిజానికి మీ సంఘానిది కూడా కాదు. సంఘం వాళ్ళు కూరగాయల మడులకి పైనుంచి అనుమతి తీసుకున్నారో లేదో మెల్లగా కనుక్కోండి. తీసుకోకపోతే మీ ఇద్దరి గొడవ ఎవరైనా అర్జీగా మార్చారంటే మొత్తం తోటకే ఎసరు. వాట్సాప్‌లో కబ్జా అనే మాట వాడినవాడికి ఈ సంగతి తెలిసి ఉండదు.

మీ చేతిలో రశీదు ఉంది కదా, అది హక్కు కాదు, వాడుకోమని ఇచ్చిన అనుమతి. 1882 నాటి ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్‌లో 52వ సెక్షన్ ప్రకారం దీన్నే లైసెన్స్ అంటారు. భూమి మీద ఏ వాటా రాదు. మామూలుగా ఇచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కానీ 60వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది, ఆ అనుమతిని నమ్ముకుని ఎవరైనా డబ్బు ఖర్చు పెట్టి శాశ్వతమైన పని ఏదైనా చేసి ఉంటే అంత సులువుగా రద్దు చెయ్యడానికి లేదు. చాలా చోట్ల ఇటుకతో గట్లు కట్టొద్దు, షెడ్ వెయ్యొద్దు అని ముందే కండిషన్ పెట్టేది ఇలాంటి పేచీలు వస్తాయనే. మీ కంచె ఆలోచన కూడా సంఘం దృష్టిలో అలాంటిదే అవుతుంది, చూసుకోండి.

ఆంటీకి ఆ సగం అనుమతే లేదు కదా అని మీరు అడగొచ్చు. అనుమతి కాగితం మీదే ఉండాలని లేదు, ఇచ్చేవాళ్ళ ప్రవర్తన బట్టి కూడా ఇచ్చినట్టు అనుకోవచ్చని 54వ సెక్షన్ చెప్తుంది. రెండేళ్ళు సంఘం వాళ్ళు రోజూ చూస్తూ ఒక్క మాట అనలేదు కాబట్టి ఆవిడ లాయరు అదే వాదిస్తాడు. సరే, ఇప్పుడు రద్దు చేశారనుకున్నా, 63వ సెక్షన్ ప్రకారం అక్కడ పెట్టుకున్న సామాను తీసుకుని వెళ్ళడానికి తగినంత టైం ఇవ్వాలి. పందిరి గుంజలకి అది సరిపోతుంది. కాయ మీదున్న చిక్కుడుకి 'తగినంత టైం' అంటే ఎంతో పైన మామగారు చెప్పనే చెప్పారు, ఏ జడ్జిగారూ అంతకన్నా బాగా చెప్పలేరు.

పాతకాపు (చిత్తూరు):

నేను మీ ఆంటీ వైపు మనిషిని అక్కా, కోప్పడకుండా వినండి.

మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద మూడేళ్ళు నేనొక్కదాన్నే తోట పెంచాను. మిద్దె అందరిదీ అని నాకు తెలియదా, తెలుసు. కానీ మట్టి బస్తాలు నాలుగంతస్తులు మోసింది నేను, లిఫ్ట్‌లో మట్టి తీసుకుపోవద్దని వాచ్‌మెన్ అడ్డం పడితే మెట్ల మీదే మోశాను. కోతులు వచ్చి కుండీలు పగలగొడితే ఏడ్చుకుంటూ ఊడ్చింది నేను. అప్పుడు ఒక్కరూ పైకి రాలేదు. బీరపాదు గోడ మీదుగా కిందికి వేలాడి కాయలు అందరికీ కనపడిన రోజున మాత్రం రెండో అంతస్తు అమ్మాయి వచ్చి 'అక్కా, మిద్దెలో మాకూ వాటా ఉంది కదా, సగం మాకివ్వండి' అనింది. తప్పేం అడిగింది? ఏం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను కూడా ఆ అమ్మాయికి నీళ్ళ ట్యాంకు వెనకున్న మూలే ఇచ్చాను. సిగ్గుగానే ఉంది చెప్పుకోడానికి. ఇవ్వనని అనలేక, ఇవ్వడానికి మనసొప్పక మూల చూపిస్తాం. తర్వాత ఏం జరిగిందంటే, ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా ఒక ఆదివారం పొద్దున వచ్చి నా కుండీల్లో మట్టి తిరగేస్తుంటే పక్కన కూర్చుని ఎండాకులు ఏరడం మొదలుపెట్టింది. 'ఈ మట్టి ఎక్కడ తెచ్చారక్కా, ఎన్ని బస్తాలు మోశారు' అని అడిగింది. మూడేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. మూడు వారాలకి నేనే ఎండ పడే వైపు ఇచ్చాను.

మీ తోటకూర పీకిన విషయం మాత్రం నేను నమ్మను. తోటకూర మొలకకీ కలుపుకీ తేడా తెలియని మనిషి రెండేళ్ళు వంగతోట పెంచలేదు. అది కోపంతో పీకిందే.

చిన్నమడి:

@పాతకాపు అక్కా, చదివి కాసేపు ఏం తోచలేదు. నిజమే, ఆ తుమ్మ మొదళ్ళు తవ్వింది ఎవరని నేనెప్పుడూ అడగలేదు. జేసీబీ పైన పైన లాగి పోయిందట, లోపల మొదళ్ళన్నీ మనుషులే తవ్వుకున్నారట. కానీ అక్కా, నాకు రాసిచ్చింది నేను అడుక్కోవాలా? ఆవిడ కనీసం 'నీది నీకే, నా కాపు అయ్యేదాకా ఆగు' అని ఒక్క మాట అన్నా నేను ఆగేదాన్ని. అయిదంకణాల్లోనే ఉన్నానని అబద్ధం చెప్తుంటే ఎక్కడ ఆగాలి?

పుత్తూరు టు లెస్టర్:

ఊరు వదిలి తొమ్మిదేళ్ళయింది, మడి గొడవలు మాత్రం ఇక్కడా వదల్లేదు, అందుకే రాస్తున్నా. ఇంగ్లండ్‌లో వీటిని అలాట్‌మెంట్లు అంటారు, కౌన్సిల్ స్థలాన్ని ముక్కలు చేసి కూరగాయలు పండించుకోడానికి అద్దెకి ఇస్తారు. దీనికి 1908 నాటి చట్టం ఉంది. పూర్తి ముక్క అంటే పాత లెక్కలో 10 రాడ్లు, దగ్గర దగ్గర 250 చదరపు మీటర్లు, మన తిరుపతి అంకణాల్లో 75 వస్తుంది. అంత పెద్దది ఒక్కరు చేసుకోలేరు, లైన్ కూడా చాంతాడంత ఉంటుంది కాబట్టి ఇప్పుడు సగం ముక్కలే ఎక్కువగా ఇస్తున్నారు. 1922 నాటి ఇంకో చట్టంలో పండేది ముఖ్యంగా ఇంట్లోవాళ్ళ తిండికే అయ్యుండాలని కూడా ఉంది, వ్యాపారానికి కాదు.

నేను మా ఆఫీసులో ఒకాయనతో కలిసి ఒక ముక్క తీసుకున్నాను, అగ్రిమెంట్ ఆయన పేరున. రెండేళ్ళు నేనే ఎక్కువ చేశాను, ఆయన ఊరు మారి వదిలేశాడు, సైట్ వాళ్ళు 'మీ పేరు మా దగ్గర లేదు' అని ముక్కని లిస్టులో ముందున్న వాళ్ళకి ఇచ్చేశారు. నేను వేసిన వెల్లుల్లి వాళ్ళు పీక్కున్నారు. నవంబర్‌లో నాటి జూలైలో తియ్యాల్సిన పంట అది, ఎనిమిది నెలలు. కాబట్టి మీ పేరున రశీదు ఉండటం చిన్న విషయం కాదు, తిరిగి మాత్రం ఇవ్వకండి.

గూడూరు అల్లుడు:

పైన 'తిరుపతి అంకణాలు' అన్నారు చూడండి, అది చదవగానే నాకు ఒక డౌట్ వచ్చింది. చిన్నమడి గారూ, మీ ఆంటీది ఏ ఊరు? నెల్లూరు వైపా? మామిడికాయ వేసిన చేపల పులుసు అన్నారు కాబట్టి అడుగుతున్నా.

ఎందుకంటే నెల్లూరు అంకణం వేరు, మన అంకణం వేరు. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు. అక్కడ 72. నాకు పెళ్ళిలో తగిలిన దెబ్బ ఇది. మా మామగారు 'మా ఇల్లు 40 అంకణాల్లో కట్టామండీ' అని గొప్పగా చెప్తే, మా నాన్న 1,440 అడుగులే కదా దీనికింత బిల్డప్ ఎందుకని వచ్చే దారి పొడుగునా సణిగాడు. గృహప్రవేశానికి పోయి చూస్తే అది 2,880. ఆ రోజు నుంచి మా నాన్న ఆయన్ని బావగారూ అని పిలవడం మొదలుపెట్టాడు, అంతకుముందు 'ఆయన' అనేవాడు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. మడి 12 ఇంటూ 30, అంటే 360 అడుగులు. మన లెక్కలో 10 అంకణాలు, సగానికి 5, మీ రశీదు కరెక్ట్. నెల్లూరు లెక్కలో 360 అడుగులంటే సరిగ్గా 5 అంకణాలు. ఆవిడ చీటీలో 5 అని ఉంటే మొత్తం మడి తనదే అనుకుని ఉండొచ్చు. అబద్ధం కాకపోవచ్చు.

చిన్నమడి:

అయ్యో దేవుడా. ఆంటీది కోవూరు.

మిద్దెతోట మామ:

టేప్ తీసుకుని పొండి మా. రశీదు ఇంట్లో పెట్టి పొండి.

చిన్నమడి:

అప్‌డేట్ ఇవ్వమని మెసేజ్‌లు పెడుతున్నారు, అందుకే రాస్తున్నా, మూడు రోజులు వానలు కాబట్టి లేటైంది.

ఆదివారం పొద్దున టేప్ తీసుకుని ఆంటీ వాళ్ళింటికే వెళ్ళాను. తలుపు తీసి 'ఏందమ్మా' అంది, లోపలికి రమ్మనలేదు. 'ఆంటీ, అంకణమంటే మీ ఊళ్ళో ఎన్ని అడుగులు' అని అడిగాను. ఏం ప్రశ్న ఇది అన్నట్టు చూసి 'డెబ్బై రెండు కదా' అంది. 'ఇక్కడ ముప్పై ఆరు ఆంటీ' అన్నాను. నమ్మలేదు. లోపలికెళ్ళి అంకుల్ని లేపింది, అంకులేమో నిద్ర మొహంతోనే 'అవును, ఇక్కడ ముప్పై ఆరే, మనం స్థలం కొన్నప్పుడు చెప్పా గదా నీకు' అన్నాడు. ఆంటీ ఆయన వైపు చూసిన చూపు నేను మాటల్లో రాయలేను. తన రశీదు తెచ్చింది. దాని వెనకాల పెన్సిల్‌తో లెక్క వేసుకుని ఉంది, అయిదు ఇంటూ డెబ్బై రెండు, 360, కింద రెండు గీతలు. రెండేళ్ళ కిందటి పెన్సిలు.

గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కాసేపటికి 'ఆ బ్యాంకాయన ఒకటి రెండుసార్లు వచ్చి మడి చుట్టూ తిరిగి పోయాడు, మా వంకాయల మీద కన్నేశాడేమో అనుకుని నేను కేకలేశా' అంది. పాపం ఆయన మళ్ళీ రాకపోవడానికి కారణం ఇదేనేమో, మేమేమో బద్ధకస్తుడనుకున్నాం.

అలాగని అంతా అయిపోయిందని చెప్పను. మడి దగ్గరికి వెళ్ళి టేప్ పట్టాం, పదిహేను అడుగుల దగ్గర నేను పుల్ల గుచ్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది. 'లెక్క నీదేనమ్మా, కాదన్ను. ఈ మొదళ్ళు తవ్విందీ, ఈ రాళ్ళు మోసిందీ మాత్రం నేను' అని అరచెయ్యి చూపించింది. బొటనవేలి కింద తుమ్మ ముల్లు దిగిన మచ్చ ఇప్పటికీ నల్లగా ఉంది, అది తీయించుకోడానికి హాస్పిటల్‌కి పోవాల్సొచ్చిందట. పాతకాపు అక్కా, అప్పుడు మీరు రాసింది గుర్తొచ్చి, ఎన్ని రోజులు తవ్వారు ఆంటీ అని అడిగాను. నలభై నిమిషాలు చెప్పింది. నేను ఇంటికి పోయేసరికి బాబు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

చిక్కుడు సంక్రాంతి దాటేదాకా అలాగే ఉంటుంది, ఆ తర్వాత పందిరి ఉత్తరం కొసకి మార్చుకుంటానంది. మామగారి నీడ లెక్క చెప్తే టమోటాల వైపు చూసి 'అందుకా' అంది. అప్పటిదాకా కోసిన చిక్కుళ్ళలో సగం ఇస్తానంది, నేను వద్దన్నాను, వద్దన్నందుకు మళ్ళీ కోపమొచ్చింది, సరే ఇవ్వమన్నాను. పైప్‌కి ఒక టీ జాయింట్ వేయించి నా వైపు కూడా తిప్పుకుందామని అనుకున్నాం, నూటయాభై రూపాయలు, చెరి సగం. పెచ్చులు నేను ఏరుతున్నాను, అంకుల్ రోజూ ఒక బకెట్ మోసుకెళ్ళి పోస్తున్నాడు, శిక్ష అనుకుంటా. తోటకూర సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే నిన్న పేపర్లో పొట్లం కట్టి విత్తనాలిచ్చి, 'ఎర్ర తోటకూర, దీన్నెవరూ కలుపనుకోరు' అంది.

బొప్పాయి మాత్రం తేలలేదు. గీత గీస్తే నా వైపు మూడడుగుల లోపలికి ఉంది. మొక్క నాటిన తొమ్మిదో నెలకి మొదటి కాయ కోసిందట, ఇప్పుడు చెట్టు మీద పదకొండు కాయలున్నాయి, అన్నీ పచ్చివే. కొట్టేద్దామని నేను అనను, ఇచ్చేస్తానని ఆవిడ అనదు.

కోర్టు సెంటర్:

బొప్పాయి మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తే ఇద్దరిలో ఒకరు నా మీద కేసు వేస్తారు. అడుగుల మీద మాత్రం చెప్తా, రశీదుల్లో అంకణాలు తీసేసి చదరపు అడుగుల్లో రాయించండి, పక్కన ఏ దిక్కు సగమో కూడా.

మిద్దెతోట మామ:

బొప్పాయి రెండు మూడేళ్ళు బాగా కాసి తర్వాత కాపు తగ్గిపోతుంది, ఇప్పటికే సగం వయసు అయిపోయింది. ఎవరూ ఏం తేల్చక్కర్లేదు, దానంతట అదే తేలుతుంది. ఈలోగా కాయ పండే టైంకి ఎవరు ముందు నిద్ర లేస్తే వాళ్ళది.

గూడూరు అల్లుడు:

నా ఫీజుగా ఒక చేపల పులుసు గిన్నె పంపించమనండి ఆంటీని.

చిన్నమడి:

@గూడూరు అల్లుడు తప్పకుండా చెప్తాను, వాళ్ళింట్లో పులుసు మళ్ళీ ఎప్పుడు పెడతారో చూడాలి, అంకుల్ మీద ఇంకా కోపం తగ్గలేదు.

@కోర్టు సెంటర్ అన్నా, మీరు చెప్పింది సెక్రటరీగారికి చూపించాను. పాత రశీదులన్నీ వెనక్కి తెప్పించుకుని 'అంకణాలు' కొట్టేసి చదరపు అడుగుల్లో రాసి సంతకం పెట్టి ఇస్తున్నారు. అందరూ ఇచ్చారు. 9వ నంబరు సగం మడాయన మాత్రం రశీదు ఎక్కడ పెట్టానో కనపడట్లేదంటున్నాడు. ఆయనది కావలి.